తప్పిపోయిన తండులశకల భూపాలుడు

ఏమాటకామాటే చెప్పుకోవాలండి. డాక్టర్ ప్రభంజనరావు గారు మా మీద పగబట్టి ఆ ఉత్తర్వు తేలేదు, తెలుగు మీద ప్రేమకొద్దీ తెచ్చారు. పగైతే ఎప్పుడో ఒకప్పుడు చల్లారుతుంది. ఆ ప్రేమ చల్లారదు, అదే వచ్చిన చిక్కు.

నన్ను మైకు సూరిబాబంటారు. కోనసీమలో మా చుట్టుపక్కల పెళ్లికైనా, తీర్థానికైనా, ఎలక్షనుకైనా, ఎవరన్నా పోతే పెద్దకార్యానికైనా మైకు నాదే. చెప్పిందే చెప్పడం నా కూడు. "చెప్పులు జాగ్రత్త, పర్సులు జాగ్రత్త" అని పొద్దుణ్ణుంచీ గొంతు చించుకుంటానా, అదంతా పక్కనే నిలబడి విన్నవాడే సాయంత్రం వచ్చి, "అన్నా, చెప్పులు పోయాయి, కాస్త మైకులో చెప్పవా" అంటాడు. అలాంటి జనం అండి మేం. మా మీదకి వచ్చింది ఈ ఉత్తర్వు.

దీనికంతటికీ మూలం ఒక కొబ్బరిచెట్టు. మా హైస్కూల్లో ఆగస్టు పదిహేనుకి వ్యాసరచన పోటీ పెట్టారు. విషయం కొబ్బరిచెట్టు. పరీక్షకుడు ప్రభంజనరావు గారు, అంటే జిల్లా భాషా సౌష్ఠవ ప్రత్యేకాధికారి. నేను స్టేజీ మీద వైర్లు సర్దుకుంటున్నాను. పిల్లలు పాపం ఉన్నదున్నట్టు రాశారు. కొబ్బరిచెట్టుకి కొబ్బరికాయ కాస్తుంది, కొబ్బరికాయలో కొబ్బరినీళ్లుంటాయి, కొబ్బరి ఎండబెడితే కొబ్బరినూనె వస్తుంది, అని. ఆయన ఒక కాగితం చదివి గుండె పట్టుకున్నారు.

"ఒకే పుటలో ఒకే శబ్దం ఇన్ని పర్యాయములా! ఇది వ్యాసమా, కొబ్బరి పచ్చడా?" అన్నారు.

ఫస్టు ప్రైజు ఒక అమ్మాయికి ఇచ్చారు. ఆ పిల్ల కొబ్బరి అన్న మాట ఒక్కసారే రాసి, తర్వాత నారికేళమంది, త్రినేత్రఫల వృక్షమంది, గగనచుంబి అంది, ఆఖరికి మాటలైపోయి "ఆ పొడుగాటిది" అని ముగించింది. వాళ్ల నాన్న రోజూ కొబ్బరి దింపు తీసేవాడే. కూతురి వ్యాసం రెండుసార్లు చదివించుకుని, "ఏ చెట్టమ్మా ఇది? మనూళ్లో ఉందా?" అనడిగాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు, చప్పట్లు కొట్టేస్తున్నారు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చేసింది. "ఒక సందర్భమున ఒకమారు ప్రయుక్తమైన పదమును తత్సందర్భమున మరల ప్రయోగించుట పునరుక్తి దోషముగా పరిగణింపబడును." ముందు బడులకే అన్నారు. తర్వాత ఆఫీసులకన్నారు. ఆ తర్వాత, రాతలో తప్పయినది కూతలో ఒప్పెలా అవుతుందని, బహిరంగంగా మాట్లాడే ప్రతి మాటకీ వర్తింపజేశారు.

ఇక చూడండి మా తిప్పలు. బస్టాండు హోటల్లో "వేడివేడి ఇడ్లీ" బోర్డుకి నోటీసు అంటించారు. ఓనరు భయపడిపోయి "వేడి ఉష్ణ ఇడ్లీ" అని రాయించాడు. అది వ్యాధేమో అనుకుని రెండ్రోజులు ఎవడూ తినలేదు. బస్సు కండక్టరు "రైట్ రైట్" అనడానికి లేదు, "రైట్, శుభం" అనాలి. శుభం అనగానే డ్రైవరు ఇంజను ఆపేసేవాడు. బళ్లో ఎక్కాలు ఆగిపోయాయి, ప్రతి లైన్లోనూ అదే రెండు మళ్లీ మళ్లీ వస్తుందని. గోవింద నామానికి మాత్రం ఆరు నెలలు తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు, ఈలోగా భక్తులు ప్రత్యామ్నాయం చూసుకోవాలన్నారు.

ఇంతలో మా ముత్యాలమ్మ తీర్థం వచ్చింది. మా తీర్థమంటే మాటలా! ఇసకేస్తే రాలదు. జీళ్ల కొట్లు, గాజుల కొట్లు, జెయింటు వీలు, ఓ పక్క పౌరాణిక నాటకం, ఓ పక్క అమ్మవారి గరగ కుండలు నెత్తినెత్తుకుని ఊరేగింపు. మధ్యలో నా మైకు టెంటు. ఈసారి టెంటులో నాతోపాటు ఇంకో ఆయన్ని కూర్చోబెట్టారు. కామేశం గారని, కాలేజీలో తెలుగు లెక్చరరు. డ్యూటీ పేరు పునరుక్తి పర్యవేక్షకుడు. ముందు బల్ల మీద పూజగంట, పక్కన ఇటుకల్లాంటి నిఘంటువులు. నేను మాట తిరగేశానంటే గంట కొడతారు. గంటలు ఎక్కువైతే వచ్చే ఏడు మైకు వేరేవాళ్లకి. మనిషి మాత్రం మంచివాడండి, గంట కొట్టి "ఏమనుకోకండి" అనేవాడు. ఆ మాట కూడా రోజుకొకసారే.

మధ్యాహ్నం భోజనాలవేళ ఓ పెద్దావిడ టెంటులోకి పరిగెత్తుకొచ్చింది. చేతిలో టిఫిను క్యారేజీ, మొహమంతా చెమట.

"బాబూ, మాయన తప్పిపోయాడు బాబూ. గాజుల కొట్టు కాడ నిలబెట్టి ఇటు తిరిగి అటు చూసేసరికి లేడు. షుగరు మనిషి. పొద్దున్న మాత్ర ఏసుకుని రెండిడ్లీలు తిన్నాడంతే. ఈపాటికి అన్నం తినకపోతే ఒళ్లు తూలిపోద్ది. కళ్లకి శుక్లాలు, నాలుగడుగుల అవతల మనిషి కనపడడు. నీ మైకు తప్ప నాకు దిక్కులేదు నాయనా."

"కంగారు పడకండి. మీ పేరేంటండి?"

"పాపాయమ్మ. మాది పల్లపులంక."

"ఆయన పేరు?"

ఆవిడ నాలిక కరుచుకుంది. "హవ్వ! మొగుడి పేరు నా నోటెంట ఎలా వస్తుంది బాబూ? పెళ్లయి యాభై ఏళ్లయింది, ఒక్కనాడు అన్లేదు."

"అమ్మా, పేరు చెప్పకపోతే నేనేమని పిలవను?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "బియ్యం చెరిగితే చేటలో ఏం మిగులుద్ది?"

"తవుడు."

"అది కాదయ్యా. ఉప్మాకి రవ్వ లేకపోతే ఏమేసుకుంటాం?"

"నూక!"

"ఆఁ, అది. మరి పేకలో రాణి మొగుడెవరు?"

"రాజు. నూకరాజు గారు!"

ఆవిడ సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అంత ఏడుపులోనూ సిగ్గేనండి. నేను వెంటనే మైకందుకున్నాను. "పల్లపులంక నూకరాజు గారూ, డెబ్బై ఏళ్ల పెద్దాయన, తెల్ల పంచె, ఆకుపచ్చ కండువా, ఎక్కడున్నా మైకు టెంటు దగ్గరకి రావాలి, మీ ఆవిడ ఎదురు చూస్తున్నారు" అని చక్కగా చెప్పాను. నా కర్మ, సరిగ్గా అదే నిమిషానికి గరగల ఊరేగింపు డప్పులతో టెంటు ముందుకొచ్చింది. ఆ హోరులో నా మాట నాకే వినపడలేదు.

డప్పులు దాటాక మళ్లీ ఎత్తుకున్నాను. "పల్లపులంక నూకరా..."

టంగ్ మని గంట.

"సూరిబాబు గారూ, ఏమనుకోకండి. ఆ నామం ఇందాకే వాడేశారు."

"పేరండీ అది! పేరుకి ఇంకో పేరు ఎక్కణ్ణుంచి తెస్తాను?"

"పేరు కూడా పదమే కదండీ. ఉత్తర్వులో మినహాయింపు లేదు." కామేశం గారు చకచకా నిఘంటువు తిప్పారు. "నూకంటే తండుల శకలం. రాజంటే భూపాలుడు. హాయిగా ఉంది, చదవండి."

ఆయన రాసిచ్చింది నేను చదివాను. ఏం చేస్తాను, వచ్చే ఏడు కూడా తినాలి కదా. "శ్వేతవస్త్రధారి, హరిత ఉత్తరీయుడు, స్థవిరుడగు తండులశకల భూపాలుడు ఎచ్చటనున్నను ధ్వనివర్ధక శిబిరమునకు విచ్చేయవలెను!"

పాపాయమ్మ గారు చెవులొగ్గి విని, "ఎవరు బాబూ ఆ రాజుగారు? ఆయన కూడా తప్పిపోయాడా పాపం?" అంది.

పావుగంటలో వాలంటీర్లు ఒకాయన్ని రెక్కలు పట్టుకుని లాక్కొచ్చారు. నెత్తిన కిరీటం, తెల్ల పంచె, భుజాన ఆకుపచ్చ ఉత్తరీయం. పక్క పందిట్లో నాటకం ఆడుతున్న రాజు వేషధారి.

"పద్యం మధ్యలో లాక్కొచ్చారు సార్!" అని ఆయన గగ్గోలు. "రాగం తారస్థాయిలో ఉంది. జనం వన్స్‌మోర్ అనబోతున్నారు!"

"వన్స్‌మోరా? అది నిషేధం లెండి. మీకే మంచి జరిగింది," అన్నారు కామేశం గారు.

పాపాయమ్మ గారు ఆ కిరీటం వంక ఓ చూపు చూసి తల తిప్పేసుకుంది. నాకు ఒళ్లు మండింది. మూడోసారి మైకు పట్టుకుని, తేలిక మాటల్లో ఇవ్వండి మహాప్రభో అని కామేశం గారి గడ్డం పట్టుకున్నాను. ఆయన కరిగారు. "బియ్యపు తునకల మహారాజా, గుడారంలోకి దయచేయండి" అని రాసిచ్చారు.

అదింకా ఘోరం. బియ్యపు తునకలు అన్న మాట ఒక్కటీ జనానికి బాగా ఎక్కింది. ఎవరో మహారాజు టెంటులో నూకలు పంచుతున్నాడని పుకారు లేచింది. గోనెసంచులతో లైను కట్టేశారు. లైను జీళ్ల కొట్టు దాటి, గుడి దాటి, జెయింటు వీలు చుట్టూ తిరిగి మళ్లీ నా టెంటుకే వచ్చింది. ముందున్నవాడు తనకంటే ముందు ఇంకొకడున్నాడని గొడవ పెట్టుకున్నాడు, చూస్తే వాడు లైన్లో ఆఖరివాడు.

అటు పోలీసు కంట్రోలు రూములో తప్పిపోయినవాళ్ల బోర్డు మీద లెక్కలు మారుతున్నాయి. వాళ్లూ ఉత్తర్వు ప్రకారం రాసేవాళ్లే కదా. నూకరాజు ఒకరు, తండులశకల భూపాలుడు ఇంకొకరు, బియ్యపు తునకల మహారాజు వేరొకరు. వెనకనుంచి ఎవరో "స్థవిరుడు" అన్నవాణ్ణి కూడా విడిగా రాశారు. మొత్తం నలుగురు గల్లంతు, అందులో ఇద్దరు రాజవంశీకులు. హడావుడిగా వెతుకులాట జట్లు వేశారు. ఖాళీగా కనపడ్డ ప్రతివాడికీ పసుపు టోపీ పెట్టి జట్టులో కలిపేశారు.

అసలు మనిషి మాత్రం లేడు. ఎండ దిగుతోంది. పాపాయమ్మ గారు క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, "ఎక్కడ పడిపోయాడో, ఎవరు లేపుతారో" అంటూ కూర్చుంది.

సరిగ్గా అప్పుడు ప్రభంజనరావు గారు తనిఖీకి దయచేశారు. వెనక ఫొటోగ్రాఫరు, ఒకడు శాలువాల సంచి మోస్తూ.

"భేష్ కామేశం! ఒకే వ్యక్తిని ఇన్ని విధములుగా సంబోధించారా! ఇదీ భాషా సంపద!"

"మనిషి దొరకలేదండి," అన్నాను నేను.

"దొరకుట దొరకకపోవుట దైవాధీనం. అభివ్యక్తి మన అధీనం," అన్నారాయన. తర్వాత పాపాయమ్మ గారి వైపు తిరిగారు. "ఈమె ఎవరు?"

కామేశం గారు సంగతి చెప్పారు. పేరు చెప్పనన్నది, యాభై ఏళ్ల కాపురంలో ఒక్కసారీ అనలేదన్నది, పొడుపు కథలేసి చెప్పిందన్నది. వింటూ వింటూ ప్రభంజనరావు గారి కళ్లు చెమర్చాయి. రెండు చేతులూ జోడించారు.

"అమ్మా! అర్ధ శతాబ్ది దాంపత్యమున భర్తృనామము ఒక్కమారైనను ఉచ్చరింపలేదా! మేము పునరుక్తిని తగ్గించగలిగితిమి. తమరు మొదటి ఉక్తినే జయించితిరి! శూన్య ప్రయోగము! జిల్లాలో ఇట్టి ఘనత న భూతో న భవిష్యతి!"

"నాకేం ఘనతొద్దు బాబూ. మనిషి కావాలి," అంది ఆవిడ.

వినేదెవరు? అప్పటికప్పుడు టెంటు ముందు కుర్చీలేశారు. ఆవిణ్ణి కూర్చోబెట్టి శాలువా కప్పారు. నూకల కోసం వచ్చిన లైనంతా సభయిపోయింది. ప్రభంజనరావు గారు ప్రసంగం అందుకున్నారు. తన ఉత్తర్వు తనకీ వర్తిస్తుంది కాబట్టి "నేను" అన్న మాట ఒక్కసారే అనాలి. "నేను ధన్యుణ్ణి" అన్నారు. తర్వాత "ఈ దాసుడు పులకించాడు" అన్నారు. "భవదీయుడు చరితార్థుడు" అన్నారు. ఆయనకి తన గురించి చెప్పుకోవాల్సింది చాలా ఉంటుంది. మాటలు అయిపోవచ్చాయి. కామేశం గారు చెమటలు కక్కుతూ నిఘంటువు పుటలు ముందుకి తోస్తున్నారు. "ఈ అల్పజ్ఞుడు ఉత్తర్వు తెచ్చాడు" అన్నారు. "ఈ మందమతి దాన్ని అమలు చేశాడు" అన్నారు. ఆ మాటకి మాత్రం జనం ఈలలేశారు.

ఇక ఆవిడ స్పందన చెప్పాలన్నారు. "ఇంత గొప్ప సంయమనం తమకెట్లు అబ్బినదో యువతరానికి రెండు ముక్కలు సెలవియ్యండి" అని మైకు ఆవిడ చేతిలో పెట్టారు.

పాపాయమ్మ గారు మైకు వంక చూసింది. "ఇందులో అంటే తీర్థమంతా వినపడుద్దా బాబూ?" అని నన్నడిగింది.

"ఏటి అవతలకి కూడా వినపడుతుందమ్మా," అన్నాను. సౌండు ఎంత ఉందో అంతా పెంచేశాను. నా సెట్టు మీద నాకంత నమ్మకం.

ఆవిడ ఊపిరి పీల్చుకుని, "ఏమయ్యోయ్! ఇదిగో, ఏమయ్యోయ్!" అని ఒక్క కేక పెట్టింది.

తీర్థం మొత్తం ఆగిపోయిందండి. పెళ్లయిన ప్రతి మగాడూ ఎక్కడివాడక్కడ బిగుసుకుపోయాడు. జీళ్లు బేరమాడేవాడు చేయి వెనక్కి తీసుకున్నాడు. జెయింటు వీలు మీద గాల్లో ఉన్నవాళ్లు "ఆఁ, వస్తున్నా" అన్నారు. పేకాటలో ఉన్నవాళ్లు పేకలు కింద పడేశారు. నాటకంలో రాజుగారు పద్యం మింగేశారు. వేదిక మీద ప్రభంజనరావు గారే ఉలిక్కిపడి "ఆఁ" అన్నారు, ఆయనకీ ఇల్లుంది కదా. అందరూ బయల్దేరి టెంటు వైపు రావడం మొదలెట్టారు. అంతమంది వచ్చారు గానీ, ఆవిడ మొగుడు రాలేదు.

ఆవిడ ఒక్కొక్క మొహమే చూసింది. చూసేకొద్దీ ఆవిడ మొహం వాడిపోయింది. అప్పుడు తాళిబొట్టు తీసి కళ్లకద్దుకుంది. "అమ్మా ముత్యాలమ్మా, తప్పయితే నన్ను శిక్షించు, ఆయన్ని కాదు" అంది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"నూకరాజూ!"

కామేశం గారు నిఘంటువు మూసేశారు.

"ఓ నూకరాజూ! నూకరాజూ!"

టంగ్ మంది గంట. కామేశం గారి చెయ్యి అలవాటుగా కొట్టేసింది, మొహం మాత్రం ఏడుస్తోంది.

"నూకరాజూ! అన్నం చల్లారిపోతంది, నూకరాజూ! నేనిక్కడున్నాను, నూకరాజూ!"

ఆవిడ ఆగలేదండి. యాభై ఏళ్లు దాచిపెట్టిన పేరు, ఎక్కడ ఆగుతుంది? ప్రభంజనరావు గారు "వారించండి, ఆమెను వారించండి, ఘనత పోవుచున్నది" అంటున్నారు. మైకు తీగ నా చేతిలోనే ఉంది. పీకమని సైగ చేశారు. నేను అటు చూడలేదు.

జనంలోంచి పసుపు టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు తడుముకుంటూ వచ్చాడు. తెల్ల పంచె, ఆకుపచ్చ కండువా. కాళ్లు వణుకుతున్నాయి.

"ఎవరే ఆ అరిచేది? పేరెట్టి పిలుస్తావా? అదీ మైకులో! సిగ్గులేదటే నీకు?"

ఆవిడ మైకు వదిలేసి ఆయన్ని పట్టుకుంది. "ఎక్కడ చచ్చావయ్యా ఇంతసేపూ!"

"ఇందాకట్నుంచీ ఇక్కడే తిరుగుతున్నానే. నువ్వు ఏమయ్యోయ్ అంటే మగాళ్లంతా పరిగెత్తారు, వాళ్ల మధ్య చిక్కుకుపోయాను. ఎవరో పెద్దమనిషి తప్పిపోయాడంట, ముసలాడంట, చూపానదంట. పాపమని జట్టులో నన్నూ ఏసుకున్నారు. నాకు చూపు లేదయ్యా అంటే, వెతకడానికి వెళ్లు, చూడ్డానికి కాదన్నారు."

ఆవిడ క్యారేజీ విప్పి, పులిహోర ముద్ద చేసి ఆయన నోట్లో పెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. ప్రభంజనరావు గారు మాత్రం గొంతు సవరించుకున్నారు.

"మహాశయా, నలుగురిలో ఒకరు మాత్రమే లభ్యమైనారు. శేషించిన ముగ్గురూ దొరకువరకు అన్వేషక బృంద సభ్యులు స్థలము విడువరాదు. టోపీ ధరించి విధులకు తిరిగి వెళ్లవలెను."

నూకరాజు గారు నములుతూ లేవబోయాడు, సర్కారు మాటంటే అంత భయం ఆయనకి. పాపాయమ్మ గారు భుజం మీద చెయ్యేసి కూచోబెట్టేసింది. ఆ పసుపు టోపీ తీసి ప్రభంజనరావు గారి నెత్తిన పెట్టింది. "మీరు వెతుక్కోండి బాబూ. మీ వాళ్లే ఆ ముగ్గురూ," అంది. శాలువా తీసి ఇచ్చేయమని ఎవరో అన్నారు. ఆవిడ అప్పటికే దాన్ని మొగుడికి కప్పేసింది, వణుకుతున్నాడని.

జనం పల్చబడ్డారు. ఆయన సగం క్యారేజీ ఖాళీ చేశాక మనిషి కాస్త కుదుటపడ్డాడు. ఇంకా కోపం నటిస్తున్నాడు గానీ, మీసాల కింద మూతి నిలవడం లేదు. అటూ ఇటూ చూసి, ఆవిడ వైపు చెవి వంచాడు.

"ఏదీ, ఇంకోపాలి అను."

పాపాయమ్మ గారు మైకు కట్టేయమని నాకు సైగ చేసింది. నేను కట్టేశాను. అప్పుడు ఆయన చెవి దగ్గరకి వంగి, ఇంకోపాలి అంది.